కోరంగి బురదలో శ్రావణమాసపు అతిథులు

శ్రావణమాసం అనగానే మనకు పేరంటాలు, శనగల వాయినాలు గుర్తొస్తాయి. గోదావరి జిల్లాల వాళ్ళకైతే ఎర్రనీటికి ఎదురీదే పులస కూడా! సరిగ్గా ఆ రోజుల్లోనే కాకినాడ దగ్గర కోరంగి తీరానికి ఉల్లంకి పిట్టలు దిగడం మొదలవుతుంది. పులస సంగతి అందరికీ తెలుసు. ఈ పిట్టల సంగతే చాలామందికి తెలియదు.

సైబీరియా నుంచి రాక

వీటిలో చాలా జాతులు సైబీరియాలో గుడ్లు పెట్టి, అక్కడ చలి ముదరకముందే ఇటు బయలుదేరతాయి. ఆరువేల కిలోమీటర్లకు పైగా ప్రయాణం! ముందే బాగా తిని ఒంట్లో కొవ్వు దాచుకుంటాయి. దారిలో అదే వాటి సద్దిమూట. చాలా జాతుల్లో పెద్దవి ముందు వచ్చేస్తాయి. పిల్లలు కొన్ని వారాల తర్వాత, దారి చూపే తల్లీ తండ్రీ లేకుండానే వస్తాయి. వింతగా లేదూ?

ఎవరి ముక్కు వారిది

పాటు వచ్చి నీరు వెనక్కి తగ్గితే మైళ్ళకొద్దీ బురద బయటపడుతుంది. అందులో చిన్న పీతలు, నత్తలు, పురుగులు ఉంటాయి. పిచ్చుకంత పిట్ట పైపైన ఏరుకుంటుంది. కోడంత పిట్ట కొడవలిలా వంగిన పొడుగు ముక్కును లోతుకు దించి పీతను లాగుతుంది. ఒకే బురద, ఒకరి కంచంలో ఒకరు చెయ్యి పెట్టరు!

మన తీతువు కూడా ఈ పిట్టలకు బంధువే. అది కూస్తే అపశకునమని భయపడతాం గానీ, పాపం, నేలమీద పెట్టిన గుడ్ల దగ్గరికి ఎవరైనా వస్తే గోల పెడుతుంది. అంతే.

ఈ బురదతో మనకేం పని?

కోరంగి మడ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. మనం వండుకునే రొయ్యలు, పీతలు, చేపలు ఎన్నో పసితనంలో ఈ మడవేళ్ళ మధ్యే పెరుగుతాయి. తుపాను కెరటం ఊరిమీద పడకుండా జోరు తగ్గించేవీ ఈ చెట్లే. 1839 తుపాను కోరంగి రేవును తుడిచిపెట్టేసింది. అలాంటి తీరానికి చెట్ల అండ ఎంత అవసరమో వేరే చెప్పాలా? అయినా 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ళస్థలాల కోసం మడచెట్లు కొట్టేశారని హరిత ట్రిబ్యునల్ దాకా కేసు వెళ్ళింది. చెట్టు పోతే మళ్ళీ నాటుకోవచ్చు. బురదను మట్టితో పూడ్చేస్తే పిట్టకు కూడు లేదు, రొయ్యకు ఉయ్యాల లేదు.

చూడాలంటే...

• అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటుపోట్లు ఎక్కువ. పంచాంగం చూసుకోండి. పోటు సగం ఎక్కే వేళకు వెళ్తే నీరే పిట్టల్ని దగ్గరికి తోస్తుంది.

• పోటు వేళలు రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతాయి. జాలర్లను అడిగితే ఖాయంగా చెబుతారు.

• ఆగస్టులో కొన్ని పిట్టల పొట్ట ఇటుకరంగులో ఉంటుంది. అది గుడ్లు పెట్టే కాలపు వేషం. తర్వాత బూడిదరంగులోకి మారతాయి.

• ముదురురంగు చీరలు, సల్వార్లు మేలు. బైనాక్యులర్స్ ఉంటే పిల్లలకివ్వండి. బురదలోకి మాత్రం దిగనివ్వకండి.

• పులిహోర పొట్లాలు ఆకుల్లో కట్టుకెళ్ళండి. ప్లాస్టిక్ కవరు ఒక్కటీ వదలొద్దు.

• గుంపును పరుగెత్తించి ఎగరగొట్టొద్దు. అంత దూరం నుంచి వచ్చిన అతిథిని భోజనం మధ్యలో లేపుతామా?