జూకీ ఒక బ్యాక్ ఆఫీసు

మా అమ్మాయి ఒకటో తరగతిలో ఉండగా, హైదరాబాద్ జూ చూపిస్తానని మాట ఇచ్చాను. ఆ తర్వాత మూడు బదిలీలు, ఒక విలీనం, ఊపిరాడని మార్చి నెలాఖరులు. మాట ఓవర్‌డ్యూ అయింది. ఈ వేసవిలో తను పదో తరగతి పరీక్షలు రాసేసింది. జూన్‌లో ఇంటర్ చదువుకి హాస్టల్‌కి వెళ్లిపోతుంది. ఇప్పుడు కూడా తీర్చకపోతే మొండి బకాయి కింద రాసేసుకోవాల్సిందేనని, ఒక బుధవారం సెలవు పెట్టాను.

తీరా చెబితే తను సంతోషించలేదు. "ఇప్పుడు జూకా నాన్నా? బంధించిన జంతువుల్ని చూడటానికి టికెట్ కొనాలా? అది జైలే కదా?" అంది. ఆరేళ్ల పిల్లకి ఇచ్చిన మాటను పదిహేనేళ్ల పిల్లకి తీర్చబోతే ఇలాగే ఉంటుంది. నా దగ్గర సమాధానం లేదు. "చూసొచ్చాక నువ్వే చెప్పు" అన్నాను.

ఎంబీఏ చదివే రోజుల్లో మా మాస్టారు ఒక అలవాటు నేర్పారు. ఏ సంస్థకు వెళ్లినా, అది అసలు చేస్తున్న పని ఏమిటని అడగాలట. బ్యాంకుకు వచ్చిన ఖాతాదారుకు కనిపించేది కౌంటరే. అసలు పని చాలావరకు దాని వెనుక జరుగుతుంది. జూ విషయంలోనూ ఆ ప్రశ్న అడిగి చూద్దామనుకున్నాను.

బహదూర్‌పురాలో, మీరాలం చెరువు పక్కన 380 ఎకరాల్లో ఉన్న నెహ్రూ జంతు ప్రదర్శనశాల 1963 అక్టోబరు 6న సందర్శకులకు తెరుచుకుంది. లోపలికి వెళ్లాక మా అమ్మాయి మొదట గమనించింది, తను ఊహించుకున్నన్ని ఇనుప చువ్వలు లేకపోవడం. పెద్ద జంతువులకూ మనకూ మధ్య కందకం ఉంటుంది. ఆ జంతువు ఎంత దూరం దూకగలదో, ఎంత ఎత్తుకు ఎగరగలదో చూసి కందకం వెడల్పు, లోతు నిర్ణయిస్తారు. మనకు కనిపించే ఆరుబయలు వెనుక రాత్రి గదులుంటాయి. తిండి పెట్టడం, ఆరోగ్యం చూడటం ఎక్కువగా అక్కడే. జూలో కౌంటర్ వెనుక భాగం అక్కడినుంచే మొదలవుతుంది.

ఈ ఏర్పాట్లకు నిబంధనలున్నాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 1992లో కేంద్ర జూ ప్రాధికార సంస్థ ఏర్పడింది. దాని గుర్తింపు లేకుండా దేశంలో ఎవరూ జూ నడపకూడదు. మనకు రిజర్వ్ బ్యాంకు ఎలాగో, జూలకు అది అలాగ.

సింహాల దగ్గర నిలబడినప్పుడు 2021 గుర్తొచ్చింది. మనం కౌంటర్లలో మాస్కులు కట్టుకుని కూర్చున్న ఆ రోజుల్లోనే ఇక్కడి ఎనిమిది ఆసియా సింహాలకు కరోనా సోకినట్లు తేలింది. వాటిని వేరుగా ఉంచి చికిత్స చేస్తే కోలుకున్నాయి. జంతువుకు ఒంట్లో బాగోలేదని మొదట కనిపెట్టేది రోజూ తిండి పెట్టే కీపరే. నిన్న తిన్నంత ఇవాళ తిన్నదా, నడక మారిందా అన్నది ఆయన కళ్లకే తెలుస్తుంది. మాంసాహార జంతువులకు వారానికి ఒక రోజు తిండి మానిపించడం కూడా జూలలో ఉన్న పద్ధతే. అడవిలో వాటికి రోజూ వేట దొరకదు కదా. "అమ్మమ్మ ఏకాదశి లాగా" అంది మా అమ్మాయి. పొద్దుటినుంచీ తను నవ్వడం అదే మొదటిసారి.

జూ జంతువులకు వంశావళి రిజిస్టర్లు ఉంటాయని చెప్పాను. అరుదైన జాతుల్లో ప్రతి జంతువుకూ తల్లి ఎవరు, తండ్రి ఎవరు, ఎక్కడ పుట్టింది, ఇప్పుడు ఏ జూలో ఉంది అన్నది రాసి ఉంచుతారు. దగ్గరి రక్తసంబంధం ఉన్నవి జతకడితే తరతరానికీ సంతానం బలహీనపడుతుంది. అందుకే ఒక జూ నుంచి మరో జూకి జంతువులను మార్పిడి చేస్తారు. "వీటికీ ట్రాన్స్‌ఫర్లేనా! మరి పిల్లలకి ఇచ్చిన మాటలు ఏమవుతాయి?" అంది. ఈసారి నవ్వలేదు. నేను విననట్టు ముందుకు నడిచాను.

నిశాచర జంతువుల మందిరంలో కళ్లు చీకటికి అలవాటు పడేసరికి కాస్త సమయం పట్టింది. ఇక్కడ పగలూ రాత్రీ తారుమారు. రాత్రంతా దీపాలు వెలిగించి ఉంచితే, వెలుగు చూసి ఆ జంతువులు నిద్రపోతాయి. పగలు మసక చీకటి చేస్తే, రాత్రి అయిందనుకుని తిరుగుతాయి. గుండ్రటి కళ్ల దేవాంగ పిల్లి ఒక కొమ్మ మీంచి ఇంకో కొమ్మకు మెల్లగా చెయ్యి చాస్తుంటే, మా అమ్మాయి ఊపిరి బిగబట్టి చూసింది. పక్కన ఒకాయన అద్దం మీద కొడుతుంటే, "అంకుల్, ప్లీజ్" అని తనే ఆపింది.

అక్వేరియంలో పిల్లలు చేపల రంగులు చూస్తుంటే నేను వాటి నీళ్లు చూశాను. చేపల విసర్జన వల్ల నీటిలో అమ్మోనియా చేరుతుంది. అది వాటికి విషం. వడపోత పెట్టెలో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం బ్యాక్టీరియా దాన్ని అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ బ్యాక్టీరియా స్థిరపడటానికి కొన్ని వారాలు పడుతుంది. ఇంట్లో కొత్త తొట్టె కొని, అదే రోజు డజను చేపలు వేస్తే అవి వరుసగా చనిపోయేది సాధారణంగా ఇందువల్లే. తొట్టె కడిగేసి నీళ్లన్నీ ఒకేసారి మార్చడమూ పొరపాటే. కొన్ని నీళ్లు తీసి, క్లోరిన్ పోగొట్టిన కొత్త నీళ్లు కలపాలి. చేపలను బతికించేది మన కంటికి కనిపించని ఆ సిబ్బందేనని చెబితే, "మీ బ్యాక్ ఆఫీసా?" అని అడిగింది.

బయట చెట్టు నీడలో కూర్చున్నాక, జూకి సంబంధించి నాకు అన్నిటికంటే నచ్చిన కథ చెప్పాను. అది మూషిక జింక కథ. మన దేశంలో గిట్టలున్న జంతువుల్లో అతి చిన్నది. బరువు మూడు కిలోల ప్రాంతం. కొమ్ములుండవు. మహా పిరికిది, రాత్రిపూటే తిరుగుతుంది. ఒకప్పుడు నల్లమలలో ఉండేది, తర్వాత చాలా అరుదైపోయింది. 2010లో ఈ జూ, సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల, కేంద్ర జూ ప్రాధికార సంస్థ కలిసి ఆరు మూషిక జింకలతో సంతానోత్పత్తి కార్యక్రమం మొదలుపెట్టాయి. కొన్నేళ్లలో వాటి సంతతి వందల్లోకి చేరింది. 2017 నుంచి కొన్నిటిని విడతలవారీగా నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి చేర్చారు. నేరుగా అడవిలో వదిలేయలేదు. ముందు అక్కడే కంచె వేసిన ఆవరణలో ఉంచి, అడవి తిండికీ అడవి చప్పుళ్లకూ అలవాటు చేశారు.

ఆరు జీవాల డిపాజిట్‌ను వందలు చేసి, తిరిగి అసలు ఖాతాదారుకు, అంటే అడవికి, చెల్లించడమన్నమాట. ఇలాంటి సంతానోత్పత్తి సందర్శకుల సందడికి దూరంగా జరుగుతుంది. మనం టికెట్ కొని చూసే పులీ ఏనుగూ కౌంటర్ అయితే, ఈ మూషిక జింక బ్యాక్ ఆఫీసు. మాస్టారి ప్రశ్నకు నాకు దొరికిన సమాధానం అదే.

మా అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "జింకలు వెళ్లాయి సరే. ఆ పులి ఎప్పటికైనా అడవికి వెళ్తుందా?" అంది.

వెళ్లదని చెప్పాను. జూలో పుట్టి పెరిగిన పులికి వేట రాదు, మనిషంటే భయం ఉండదు. దానికి మనం చేయగలిగింది తిండీ వైద్యమూ ఇచ్చి, ఊసుపోక ఒకే దారిలో అటూ ఇటూ తిరిగే స్థితి రాకుండా చూడటం. అందుకే జూలలో తిండిని దుంగల్లో దాచిపెట్టడం, కొత్త వాసనలు, ఆటవస్తువులు ఏర్పాటు చేయడం వంటివి చేస్తారు.

"అయితే జైలు కాదని నేను పూర్తిగా ఒప్పుకోను" అంది. ఒప్పుకోమని నేనూ అనలేదు. రుణం ఇచ్చేటప్పుడు లాభం ఒక వైపు, రిస్కు ఒక వైపు రాసుకునే మనకు, రెండు నిలువు వరుసలూ ఒకే కాగితం మీద ఉండటం కొత్త కాదు.

వెళ్లాలనుకునే సహోద్యోగులకు రెండు మాటలు. సోమవారం జూకి సెలవు. ఉదయాన్నే వెళ్తే ఎండ తక్కువ, జంతువులూ చురుగ్గా ఉంటాయి. అద్దాల మీద కొట్టకండి, ఏమీ తినిపించకండి. జంతువుల పోషణ ఖర్చు భరించే దత్తత పథకం కూడా ఉంది. సంస్థలే కాదు, వ్యక్తులూ చేరవచ్చు.

తిరిగి వస్తుంటే గేటు దగ్గర మా అమ్మాయి ఆ పథకం బోర్డు ముందు ఆగింది. తన దాచుకున్న డబ్బుకు ఏ జంతువు, ఎన్ని రోజులు వస్తుందో లెక్క వేసుకుంటోంది. నేను తొందరపెట్టలేదు. తొమ్మిదేళ్లు ఆలస్యం చేసినవాణ్ని, ఇంకో పది నిమిషాలు ఆగలేనా?