ఫస్ట్ ఇయర్‌లో కారు తెచ్చుకోవాలా? మధురానగర్‌లో పార్కింగ్ లెక్క

చాలామంది జూనియర్స్ అడుగుతున్న ప్రశ్న ఇది: "అన్నా, బీటెక్ ఫస్ట్ ఇయర్. మధురానగర్‌లో హాస్టల్ తీసుకున్నా. ఇంట్లో నాన్న వాడని కారు ఉంది, తెచ్చుకోనా?" తెచ్చుకోవడం ఈజీనే. రాత్రి ఎక్కడ పెడతావు అన్నదే అసలు ప్రశ్న.

ముందు వయసు చూసుకో. ఇంజినీరింగ్ సీటుకి ఆ ఏడాది డిసెంబర్ 31 నాటికి 16 నిండితే చాలు. కారు లైసెన్స్‌కి 18 నిండాలి. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 199ఏ సెక్షన్ ప్రకారం మైనర్ బండి నడిపితే తల్లిదండ్రులకో, ఓనర్‌కో 3 ఏళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. నడిపినవాళ్లకి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. 17లో ఉంటే ఇక ఆలోచించకు, కారు ఇంట్లోనే.

18 నిండిందా? అయితే ఆప్షన్లు చూద్దాం.

ఒకటి, హాస్టల్. "పార్కింగ్ ఉంది" అంటే ఎక్కువగా బైకులకే. చేరే ముందే కారు పట్టే చోటు కళ్లతో చూడు.

రెండు, గల్లీలో రోడ్డు పక్కన. ఇక్కడి గల్లీలు ఇరుకు. గేటుకి అడ్డమైతే గొడవ, నో పార్కింగ్ అయితే క్లాంపు. పగలు పది నిమిషాలకి ఓకే, నెలల తరబడి కాదు.

మూడు, పక్క అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో స్లాట్ అద్దెకి. ఉన్నవాటిలో ఇదే బెటర్. కానీ వాచ్‌మన్ మాట మీద డబ్బులు ఇవ్వొద్దు. ఫ్లాట్ ఓనర్‌తో మాట్లాడు, అసోసియేషన్‌కి అభ్యంతరం లేదని కనుక్కో. స్లాట్ నంబర్, అద్దె, ఎన్ని నెలలు అన్నది వాట్సాప్‌లో రాయించుకో, డబ్బు యూపీఐలో పంపు. ఫ్లాట్ లేకుండా "ఈ స్లాట్ నాది" అనేవాళ్లతో జాగ్రత్త. స్టిల్ట్ పార్కింగ్‌ని బిల్డర్ విడిగా అమ్మకూడదని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

సెల్లార్‌తో ఇంకో సమస్య వాన. పెద్ద వాన పడితే మైత్రీవనం దగ్గర నీళ్లు నిలవడం మనందరికీ తెలుసు. గట్టి వానకి ఈ సెల్లార్‌లోకి నీళ్లు వస్తాయా అని అక్కడ ఉండేవాళ్లని అడుగు. కారు మునిగితే స్టార్ట్ చెయ్యొద్దు, టో చేయించు. ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లాక స్టార్ట్ చేస్తే ఇంజిన్ పోతుంది. ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ లేకపోతే ఆ ఖర్చు మామూలుగా ఇన్సూరెన్స్ ఇవ్వదు. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే నీ కారుకి జరిగిన నష్టానికి అసలేం రాదు.

నాలుగు, ఊళ్లోనే వదిలెయ్యడం. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసెయ్యి, టైర్లలో గాలి సరిగ్గా పెట్టు. హ్యాండ్ బ్రేక్ వెయ్యకుండా గేర్‌లో ఉంచి, చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టు. ఎలుకలు వైర్లు కొరుకుతాయి కాబట్టి అప్పుడప్పుడు బానెట్ తీసి చూడమని ఇంట్లో చెప్పు.

నా సలహా? మధురానగర్‌లో మెట్రో స్టేషన్ ఉంది. బ్లూ లైన్‌లో ఒక్క స్టాప్ వెళ్తే అమీర్‌పేట, అక్కడ రెడ్ లైన్ మారొచ్చు. ముందు ఒక సెమిస్టర్ మెట్రో, బస్సులతో లాగించు. కారు లేక నిజంగా ఎన్నిసార్లు ఇబ్బంది పడ్డావో ఫోన్‌లో నోట్ చేసుకో. నెలకి రెండు మూడుసార్లే అయితే ఆ రోజు క్యాబ్ బుక్ చేసుకో, స్లాట్ అద్దె మిగులుతుంది. రోజూ అవసరమే అనిపిస్తే ముందు స్లాట్ ఖాయం చేసుకో, తర్వాతే నాన్నని తాళం అడుగు.

మీ గల్లీలో స్లాట్ అద్దె ఎంత నడుస్తోందో కామెంట్‌లో పెట్టండి, కొత్తగా వచ్చేవాళ్లకి పనికొస్తుంది. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.