మీకు తెలుసా? చెవి దారి మూసుకున్నా ఎముక దారి ఉంది

చెవిలో చీము కారడం వల్ల గానీ, పుట్టుకతోనే చెవి రంధ్రం మూసుకుపోవడం వల్ల గానీ శబ్దం కర్ణభేరి, కూటకం, దాగలి, అంకవన్నె అనే చిన్న ఎముకల మీదుగా లోపలి చెవికి సరిగా చేరకపోతే, దానిని వాహక వినికిడి లోపం అంటారు. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకొని ఉండే కోక్లియా బాగున్నంతవరకు, పుర్రె ఎముకను కంపింపజేసి శబ్దాన్ని నేరుగా దానికే అందించవచ్చు.

ఈ లోపాన్ని గుర్తించడానికి వైద్యులు 512 హెర్ట్జ్ శృతిదండాన్ని మోగించి, దాని కాడను చెవి వెనుక ఎముకకు ఆనించి, తరువాత చెవి ఎదుట పట్టి చూస్తారు. ఎముక మీదే బిగ్గరగా వినిపిస్తే లోపం శబ్దం నడిచే దారిలో ఉన్నట్టే.

వినికిడి లోపం అనగానే కోక్లియర్ ఇంప్లాంటే గుర్తుకు రావచ్చు; డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా 2007లో ఆరంభించిన ఆరోగ్యశ్రీ పథకంతో ఆ మాట పల్లెలకూ పరిచయమైంది. అయితే అది లోపలి చెవి దెబ్బతిన్నవారికి శస్త్రచికిత్సతో అమర్చేది. వాహక లోపానికి అంత దూరం పోనక్కరలేదు.

పసిపిల్లలకు మెత్తని తలపట్టీకి బిగించిన కంపన పరికరం సరిపోతుంది. చెవి వెనుక వెంట్రుకలు లేని చర్మానికి జిగురు బిళ్లతో తగిలించేవీ ఉన్నాయి. బిళ్ల సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులు నిలుస్తుంది గానీ, ప్రొద్దుటూరు వంటి ఊళ్ల ఎండల్లో పట్టే చెమటకు త్వరగా ఊడివచ్చే అవకాశం ఉంది. చర్మం కంపనాలను, ముఖ్యంగా హెచ్చు పౌనఃపున్య ధ్వనులను, కొంత మింగేస్తుంది. అయినా చెవి రంధ్రాన్ని మూయకపోవడం వల్ల, చీము కారే చెవికి మామూలు వినికిడి యంత్రం కన్నా ఇలాంటి కంపన పరికరమే మేలు.