అటాచ్‌మెంట్ ఓపెన్ చేస్తే పిచ్చి అక్షరాలా? డిలీట్ చేసే ముందు ఇది చూడండి

ఈ ఎపిసోడ్ ఐడియా నాకు మా పెదనాన్న వల్ల వచ్చింది. ఆయనది మాచర్ల వైపు పల్లెటూరు, మిర్చి రైతు. పొలం గట్టు దగ్గర సరిహద్దు తగాదా ఉంది. 2022లో పల్నాడు జిల్లా ఏర్పడ్డాక కలెక్టరేట్ మన నరసరావుపేటకే వచ్చింది కదా, సోమవారం అర్జీ ఇద్దామని ఆదివారం సాయంత్రమే మా ఇంటికి దిగాడు. "మాచర్లలో టైప్ చేయించా, షాపతను నీకు మెయిల్ పెట్టాడు, ప్రింట్ తీయించు నాయనా" అన్నాడు.

భోజనాలయ్యాక తీరిగ్గా ఫోన్‌లో ఓపెన్ చేశా. రెండు పేజీల నిండా ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ గుర్తులు, బ్రాకెట్లు. ఒక్క తెలుగు అక్షరం లేదు. పెదనాన్న కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఏరా, ఇది తెలుగేనా?" అన్నాడు. షాపతనికి చేస్తే ఫోన్ స్విచాఫ్. టైం రాత్రి తొమ్మిదిన్నర.

ఫైల్ పాడైపోయిందనే అనుకున్నా. కానీ పాడవలేదు. ఎందుకు పాడవలేదో తెలిస్తే మీకు సగం సమస్య తీరిపోతుంది, అందుకే ముందు అది చెప్తా.

మన ఊళ్ళలో డీటీపీ షాపుల్లో చాలాచోట్ల ఇప్పటికీ అను ఫాంట్లే వాడతారు. పెళ్ళి కార్డులు, ఫ్లెక్సీలు, అర్జీలు అన్నీ వాటిలోనే. ఈ ఫాంట్లలో కిటుకు ఏంటంటే, ఫైల్ లోపల ఉండేది తెలుగు కాదు. ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల నంబర్లే ఉంటాయి. ఆ నంబర్ కనపడినచోట తెలుగు బొమ్మ గీయమని ఫాంట్ చెప్తుంది. నాటకంలో వేషం లాగా అన్నమాట. షాపు కంప్యూటర్‌లో ఆ ఫాంట్ ఉంది కాబట్టి తెలుగు కనపడుతుంది. మన ఫోన్‌లో లేదు, వేషం తీసేస్తే లోపలి మనిషి బయటపడతాడు.

యూనికోడ్ అలా కాదు. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగుకి సొంతంగా 128 గడులు ఇచ్చారు. 'క' అంటే 3093. నరసరావుపేటలో అయినా న్యూజెర్సీలో అయినా అదే నంబర్, ఇంకే భాషకీ ఆ నంబర్ ఉండదు. మీరు ఫోన్ కీబోర్డ్‌లో తెలుగు కొట్టి వాట్సాప్‌లో పంపేదంతా యూనికోడే.

ఇప్పుడు మెయిల్ సంగతి. మెయిల్ పుట్టినప్పుడు అది ఇంగ్లిష్ కోసమే పుట్టింది. అప్పట్లో దారిలో వెళ్ళగలిగినవి 128 గుర్తులే. ఫొటో, పాట, తెలుగు ఫైల్ ఆ దారిలో పట్టవు. అందుకని 1992లో మైమ్ అనే పద్ధతి తెచ్చారు. మిర్చిని గుంటూరు యార్డుకి ఎలా పంపుతాం? టిక్కీల్లో తొక్కి, మీద గుర్తు వేసి. ఇదీ అంతే. ఫైల్‌ని బేస్ 64 అనే పద్ధతిలో మామూలు అక్షరాలుగా మార్చి మూట కడతారు, మీద చీటీ అంటిస్తారు: ఇది ఫొటో, ఇది వర్డ్ ఫైల్, ఇది ఈ లిపి నంబర్లలో ఉంది అని. అవతలి యాప్ ఆ చీటీ చదివి మూట విప్పుతుంది.

మూట కట్టేటప్పుడు ప్రతి 3 బైట్లు 4 అక్షరాలవుతాయి. అంటే సైజు మూడో వంతు పెరుగుతుంది. జీమెయిల్‌లో 25 ఎంబీ లిమిట్ అంటారు కదా, మీ 20 ఎంబీ వీడియో ఒక్కోసారి వెళ్ళకపోవడానికి కారణం ఇదే.

సరే, అసలు విషయానికొద్దాం. పిచ్చి అక్షరాలన్నీ ఒకటి కాదు. డాక్టర్ నాలుక చూసినట్టు, ముందు అవి ఎలా ఉన్నాయో చూడండి.

ఒకటి, ఖాళీ డబ్బాలు. నంబర్లు సరిగ్గానే ఉన్నాయి, ఆ సిస్టంలో తెలుగు ఫాంట్ లేదు. వేరే ఫోన్‌లో ఓపెన్ చేయండి, చాలు.

రెండు, నెత్తిన చిన్న గీత ఉన్న ఇంగ్లిష్ 'ఎ', దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో, ఇదే మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఇది యూనికోడ్ తెలుగే. ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లు పడతాయి. అవతలి యాప్ చీటీ చదవకుండా ఒక్కో బైట్‌ని ఒక్కో అక్షరం అనుకుంది. ఎక్సెల్‌లో సీఎస్‌వీ ఫైల్ తెరిస్తే ఎక్కువగా ఇలా అవుతుంది. అదే ఫైల్‌ని గూగుల్ షీట్స్‌లో తెరవండి. ఎక్సెల్‌లోనే కావాలంటే డేటా మెనూలోంచి ఇంపోర్ట్ చేస్తూ యూటీఎఫ్-8 సెలెక్ట్ చేయండి.

మూడు, మధ్యలో ఖాళీ లేకుండా పేజీలకి పేజీలు ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు. చివర్లో ఒక్కోసారి ఈక్వల్ గుర్తు. ఇది విప్పని మూట. మెయిల్‌ని వేరే యాప్‌లోనో బ్రౌజర్‌లోనో తెరవండి. కాకపోతే డ్రైవ్ లింక్ పెట్టమని అడగండి.

నాలుగు, 'విన్‌మెయిల్ డాట్ డ్యాట్' అని ఒక్క ఫైల్ వస్తుంది. పంపినవాళ్ళ అవుట్‌లుక్ రిచ్ టెక్స్ట్ పద్ధతిలో మూట కట్టింది. హెచ్‌టీఎంఎల్ ఫార్మాట్‌లో మళ్ళీ పంపమనండి.

ఐదు, మా పెదనాన్న కేసు. అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా ఉంటాయి కానీ పదాలకీ పదాలకీ మధ్య ఖాళీలు, పేరాలు మామూలుగానే ఉంటాయి. అది అను లాంటి పాత ఫాంట్. నెట్‌లో అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి.

ఆరు, అన్నీ ప్రశ్న గుర్తులే. ఇదొక్కటే నిజంగా పోయినట్టు. తెలుగు గడులే లేని పద్ధతిలో ఎవరో సేవ్ చేశారు, ప్రతి అక్షరం బదులు ప్రశ్న గుర్తు కూర్చుంది. ఏ కన్వర్టరూ వెనక్కి తేలేదు. టైం వేస్ట్ చేయకుండా అసలు ఫైల్ అడగండి.

ఇంకోటి, ఫైల్ పేరు చివర మార్చి పీడీఎఫ్ అని పెడితే పీడీఎఫ్ అయిపోదు. టిక్కీ మీద పత్తి అని రాస్తే లోపల మిర్చి పత్తి అవుతుందా?

మా ఇంటికొస్తే, నేను కన్వర్టర్‌లో పేస్ట్ చేశా. చేసే ముందు ఆధార్ నంబర్, ఫోన్ నంబర్ ఉన్న లైన్లు తీసేశా. తెలియని సైట్‌లో అవి పెట్టకండి. తెలుగు వచ్చింది! అమ్మయ్య అనుకుని ప్రింట్‌కి పెట్టబోతుంటే పెదనాన్న ఆపాడు. "చదువు, వింటా" అన్నాడు. చదివితే తెలిసింది, మా తాత పేరులో ఒత్తు ఎగిరిపోయింది. పాస్‌బుక్‌లో ఒక పేరు, అర్జీలో ఇంకో పేరు! ఇంకో రెండుచోట్ల కూడా ఒత్తులు తప్పాయి. కన్వర్టర్లు ఒత్తుల దగ్గరే ఎక్కువ తడబడతాయి, కాబట్టి పేర్లు, ఊర్లు, సర్వే నంబర్లు కాగితాలు పక్కన పెట్టుకుని చూసుకోండి. మాకు పన్నెండు దాటింది.

పొద్దున అర్జీ ఇచ్చి రసీదు తెచ్చుకున్నాం. గట్టు సంగతి తేలడానికి ఇంకా టైం పడుతుందిలెండి.

ఇకనుంచి డీటీపీ షాపులో రెండు అడగండి. ప్రింట్‌కి పీడీఎఫ్, దిద్దుకోడానికి యూనికోడ్‌లో వర్డ్ ఫైల్. పీడీఎఫ్‌లో ఫాంట్ కూడా లోపలే వస్తుంది కాబట్టి ఎక్కడైనా ఒకేలా కనపడుతుంది. కానీ అను పీడీఎఫ్‌లోంచి కాపీ చేస్తే మళ్ళీ పిచ్చి అక్షరాలే వస్తాయి, అందుకే రెండూ కావాలి. ఇచ్చింది యూనికోడో కాదో తెలియాలంటే, ఒక లైన్ కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగు కనపడితే ఓకే. కనపడకపోతే షాపు మెట్లు దిగకముందే చెప్పండి, ఆదివారం రాత్రి దాకా ఆగకండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.