పెరూ తీరము - రాయలసీమ వాన

వానరాకడను గూర్చి తలచునప్పుడు మనము మన యూరి మబ్బునే చూతుము. ఆ మబ్బు విధి కొంతవరకు భూగోళమున కావలివైపున, పెరూ దేశపు తీరమున నిర్ణయమగునని చెప్పదలచితిమి.

సూర్యుని వేడి భూమధ్యరేఖ చెంత నిలువుగను, ధ్రువముల చెంత ఏటవాలుగను పడును. ఈ హెచ్చుతగ్గులవలననే గాలులు వీచును, సముద్రప్రవాహములు పారును. వేడిని దాచుటలో గాలికంటె నీరు మిన్న. వాయుమండలమంతయు ఒక డిగ్రీ వేడెక్కుటకు వలసిన వేడి, సముద్రపు పై మూడు మీటర్ల నీటికే ఇంచుమించు సరిపోవును.

పసిఫిక్ సముద్రముపై తూర్పునుండి వీచు వ్యాపారపవనములు వెచ్చని నీటిని ఇండొనీషియా వైపునకు నెట్టుచుండును. అచట నీటిమట్టము పెరూ చెంతకంటె సుమారు అరమీటరు ఎత్తు. వేడిగాలి పైకెగసి వర్షించును. పెరూ చెంత లోతులనుండి చల్లని నీరు పైకి వచ్చి చేపలకు మేత నిచ్చును. కొన్ని యేండ్లకొకమారు ఈ పవనములు నీరసించగా వెచ్చని నీరు తూర్పునకు మరలును. క్రిస్మసు దినములలో కానవచ్చుటచే అచటి జాలరులు దీనిని 'ఎల్ నీనో', అనగా బాలయేసు, అనిరి. పేరు ముద్దైనదే! వానమబ్బుల నెలవు తూర్పునకు జరిగినప్పుడు మనవైపున గాలి క్రిందికి దిగి మేఘములను అణచును.

1876-78 నాటి ధాత కరువు బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను పాడుచేసెను. ఆ నడుమ, 1877లో, ఎల్ నీనో మిక్కిలి ప్రబలముగ నుండెను. అయినను నేరమంతయు సముద్రముపై మోపరాదు; జనులు మలమల మాడుచుండగ దేశమునుండి ధాన్యము ఎగుమతి యగుచునే యుండెను.

1904లో భారత వాతావరణశాఖాధిపతియైన గిల్బర్ట్ వాకర్ గణితజ్ఞుడు. పలుదేశముల వాయుపీడనపు లెక్కలు కూర్చి, పసిఫిక్‌పై పీడనము హెచ్చిన హిందూ మహాసముద్రముపై తగ్గుననియు, అట తగ్గిన ఇట హెచ్చుననియు, త్రాసుతట్టల చందమున, కనుగొనెను. సముద్రపు వేడితో దీనికిగల బంధమును యాకబ్ బ్యెర్క్నెస్ 1969లో వివరించెను.

ఎల్ నీనో వచ్చిన ప్రతియేడు కరువు రాదు. 1997లో అది ప్రచండముగ నున్నను మన దేశమున సామాన్యవర్షమే కురిసెను. ఆ యేడు హిందూ మహాసముద్రపు పడమటి భాగము వెచ్చబడుట మనకు తోడైనది. 2002లో ఎల్ నీనో అంత ప్రబలము కాకున్నను నూటికి 19 పాళ్లు వాన తగ్గినది. వాతావరణశాఖ ఏప్రిలులో మొదటి అంచనాను, మే చివర సవరించిన దానిని ప్రకటించును. రెంటను ఈ రెండు సముద్రముల సంగతియు నుండును. ఎల్ నీనో మాట చెవినిబడగనే విత్తనపు బస్తాను అటకెక్కింపక, రెండవ సముద్రపు వార్తయు విన్న పిదపనే రైతు నిర్ణయించుకొనుట మేలు.