పలకరిస్తేనే పలికే ట్యాగ్

1945 ఆగస్టులో మాస్కోలో సోవియట్ బాలబాలికలు అమెరికా రాయబారి హారిమన్‌కు ఒక కానుక ఇచ్చారు. చెక్కమీద చెక్కిన అమెరికా రాజముద్ర అది. ఆయన దాన్ని తన నివాసంలో గోడకు తగిలించుకున్నారు. దాని కడుపులో లియోన్ టెర్మెన్ రూపొందించిన చిన్న పరికరం ఉంది. బ్యాటరీ లేదు, కరెంటు తీగ లేదు. బయటినుంచి రేడియో తరంగాలు తాకినప్పుడే మేల్కొని, గదిలోని మాటలను ఆ తరంగాలమీదే ఎక్కించి వెనక్కి పంపేది. తనంతట తాను నోరు విప్పదు కాబట్టే 1952 దాకా దొరకలేదు.

రేడియో తరంగాలతో వస్తువును గుర్తుపట్టేందుకు ఆసుపత్రి సామాన్లకు అంటించే, బ్యాటరీ లేని ఆర్ఎఫ్ఐడీ ట్యాగ్ పనిచేసేదీ ఈ పద్ధతిలోనే. వెనక్కి మళ్లిన తరంగాలతో సమాచారం పంపవచ్చని 1948లో హ్యారీ స్టాక్‌మన్ ఒక వ్యాసంలో వివరించాడు. 1973లో మారియో కార్డుల్లో అనే ఆయనకు జ్ఞాపకశక్తి ఉన్న ట్యాగ్‌మీద పేటెంటు వచ్చింది. మన కార్ల అద్దాలమీది ఫాస్టాగ్‌దీ ఈ వంశమే.

ట్యాగ్ చవక, తేలిక. దాని ఖరీదంతా దాన్ని చదివే రీడర్ చెల్లిస్తుంది. బ్యాటరీ లేని ట్యాగ్‌కు ప్రాణం పోయాలంటే రీడర్ తన యాంటెన్నానుంచి వాట్లకొద్దీ శక్తిని గాలిలోకి వదలాలి. గోదాములో ఇబ్బంది లేదు. పక్కనే వెంటిలేటర్ ఉంటే సంగతి వేరు.

ఎక్కడో మరిచిపోయిన సిరంజి పంపును వెతకడానికీ, ఆపరేషన్లో కడుపులో గాజుగుడ్డ ఉండిపోకుండా చూసుకోవడానికీ ఆసుపత్రులు ఈ ట్యాగ్‌లను కోరుకున్నాయి. అవసరం నిజమైనదే. ఆమ్‌స్టర్‌డామ్‌లోని వైద్యకేంద్రంలో పరిశోధకులు, రోగులెవరూ లేని ఐసీయూ గదిలో 41 పరికరాలపక్కన రీడర్లు పెట్టి చూశారు. 2008లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. 123 పరీక్షల్లో 34 సార్లు అంతరాయం. అందులో 22 ప్రమాదకరమైనవి. సిరంజి పంపులు ఆగాయి, వెంటిలేటర్లు ఆగిపోయాయి. బ్యాటరీ లేని 868 మెగాహెర్ట్జ్ వ్యవస్థ 41 పరీక్షల్లో 26 సార్లు, బ్యాటరీ ఉన్న 125 కిలోహెర్ట్జ్ వ్యవస్థ 8 సార్లు ఇబ్బంది పెట్టాయి. రెండింటికీ ఫ్రీక్వెన్సీ వేరు కాబట్టి తేడా అంతా బ్యాటరీదే అనలేం. అయినా ఆ 26ను తేలిగ్గా తీసుకోకూడదు. మన ఫాస్టాగ్ నడిచేది కూడా దాని పక్కనే, 865-867 మెగాహెర్ట్జ్‌లో.

ఈ అంతరాయం ఎలా కలుగుతుందో చూడాలంటే శరీరం బయట ఉండే పేస్‌మేకర్‌నే తీసుకోండి. గుండెనుంచి వచ్చే మిల్లీవోల్టుల సంకేతంకోసం అది నిరంతరం చెవి ఒగ్గి ఉంటుంది. రోగి ఛాతీనుంచి వచ్చే తీగ రేడియో తరంగాలకు యాంటెన్నా అయిపోతుంది. రీడర్ తరంగం ఆగుతూ సాగుతూ ఉంటే, లోపలి ఆంప్లిఫయర్ ఆ ఎగుడుదిగుళ్లను నెమ్మదైన విద్యుత్ స్పందనలుగా మార్చేస్తుంది. గుండె తానే కొట్టుకుంటోందనుకుని పేస్‌మేకర్ ఊరుకుంటుంది. గుండెకు సరిగ్గా ఆ క్షణంలోనే దాని సాయం కావాలి.

దూరమే ఇక్కడ అసలు లెక్క. ఆమ్‌స్టర్‌డామ్ పరీక్షల్లో అంతరాయం కలిగిన దూరాల మధ్యస్థం 30 సెంటీమీటర్లు. ఒకటి 6 మీటర్లనుంచీ జరిగింది. 2 వాట్ల రీడర్ మీటరు దూరంలో మీటరుకు సుమారు 10 వోల్టుల క్షేత్రాన్ని కలిగిస్తుంది, 30 సెంటీమీటర్లకు జరిగితే 33. వైద్య పరికరాలకు అప్పటి ప్రమాణం ప్రకారం ప్రాణాధార పరికరాలు తట్టుకోవాలన్నది 10, మిగతావాటికి 3 మాత్రమే. అంటే పరికరం ప్రమాణానికి లోబడే ఉన్నా మంచందగ్గర రీడర్‌కు లొంగిపోవచ్చు. తయారీదారును తప్పుపట్టడం తేలిక గానీ, ఆ ప్రమాణం రాసేనాటికి మంచానికి అంత దగ్గరగా ఇలాంటి ట్రాన్స్‌మిటర్ వస్తుందని లెక్కలోకి తీసుకోలేదు.

ఆ ప్రమాణం 2014 కూర్పులో సమీప ట్రాన్స్‌మిటర్లకు విడి పరీక్ష చేర్చారు: 870 మెగాహెర్ట్జ్ దగ్గర మీటరుకు 28 వోల్టులు. అంతకుముందు కొన్న పంపులు ఈ పరీక్ష రాసినవి కావు. అందుకే రీడర్‌ను మంచంపైన కాక తలుపుదగ్గర బిగించడం, పవరు తగ్గించడం, ఏ వార్డులో వాడతారో అక్కడి పరికరాలతోనే, రోగి లేనప్పుడు పరీక్షించడం బయోమెడికల్ ఇంజనీరు చేతిలోని పని. ఆ పరీక్ష పూర్తికాకుండా రీడర్‌ను ఐసీయూలోకి రానివ్వకూడదు.