తుపాకి మీద పన్ను, ఎల్క్‌కి పచ్చిక

మన తెలుగువాళ్ళకి వేటలు రెండే తెలుసు. ఒకటి మనుచరిత్రలో స్వరోచి ఆడింది. రెండోది ఆదివారం పొద్దున్నే సంచీ పట్టుకుని వెళ్ళి తెచ్చుకునే వేటమాంసం. ఆ మేకని ఎవరూ వేటాడలేదని అందరికీ తెలుసు, అయినా పేరలా నిలిచిపోయింది. నేనూ ఈ రెండు వేటల జ్ఞానంతోనే అమెరికా వెళ్ళాను. పశ్చిమాన మాంటానా రాష్ట్రంలో చదువుకుంటున్న రోజుల్లో, అక్టోబరు చివర్లో మా లాబ్ సగం ఖాళీ కావడం చూసి ఏదో పండగ కాబోలనుకున్నాను. ఒక విధంగా పండగే. ఎల్క్ వేట మొదలయింది.

ఎల్క్ అంటే జింకజాతిలో పెద్దది. మన కణితికి దూరపు చుట్టం, కాశ్మీరు హంగుల్‌కి దగ్గర చుట్టం. బాగా ఎదిగిన మగది మూడు వందల కిలోలు దాటుతుంది. ఏటా వసంతంలో కొమ్ములు రాల్చేసి మళ్ళీ కొత్తవి పెంచుకుంటుంది.

నా రూమ్‌మేట్ వేటకి వెళ్ళే ముందురోజు రాత్రి సామానంతా నేలమీద పరిచాడు. తుపాకి ఒక మూల వుంది. 1906లో సైన్యం కోసం తయారుచేసిన థర్టీ-ఆట్-సిక్స్ రకం తూటా దానిది, వాళ్ళ తాతగారి రైఫిలు. మిగతాదంతా చూస్తే వేటకి వెళుతున్నాడా, కొండెక్కి కాపురం పెడుతున్నాడా అనిపించింది. బైనాక్యులర్, మ్యాపు, దిక్సూచి, రెండు కత్తులు, తాడు, ఉన్ని బట్టలు, మాంసం కట్టడానికి గుడ్డసంచులు, వీపున బరువు మోసే ఫ్రేము. గాలి ఎటు వీస్తోందో చూసుకోవడానికి చిన్న సీసాలో పొడి కూడా వుంది. ఎల్క్ కళ్ళని మోసం చెయ్యవచ్చు గాని ముక్కుని చెయ్యలేమట.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది కళ్ళు చెదిరే నారింజరంగు చొక్కా. దాక్కోవలసినవాడికి ఇదేం వేషం అన్నాను. తుపాకి వేటలో నడుముకి పైన కనీసం 400 చదరపు అంగుళాల నారింజరంగు కనబడాలని మాంటానా చట్టం, తోటి వేటగాడు పొరపాటున కాల్చకుండా. జింకజాతి కళ్ళకి ఎరుపు, నారింజ రంగులు మనకి కనబడినట్టు కనబడవు. అందుచేత మనిషికి మెరిసేది మృగానికి మసకగానే వుంటుంది.

నాలుగో రోజున తిరిగొచ్చాడు, నడుం పట్టేసి. కొట్టింది ఒక్క ఎల్క్‌ని. దాన్ని కోసి, మూటలు కట్టి, కొండ దిగి రోడ్డుదాకా మొయ్యడానికి నాలుగు తిరుగుళ్ళు పట్టాయట. తినదగ్గ మాంసం అడవిలో వదిలేస్తే నేరం, అమ్ముకుంటే మరో నేరం. ఎన్ని ఎల్క్‌లని కొట్టవచ్చో ప్రతి ప్రాంతానికీ జీవశాస్త్రజ్ఞులు లెక్కలు కట్టి చెబుతారు. గిరాకీ ఎక్కువున్న చోట లాటరీలో పేరు రావాలి. ఇంత విన్నా నాకు మింగుడు పడలేదు. ప్రాణం తీసేవాడు అడవికి మిత్రుడెలా అవుతాడు? ఆ మాటే అడిగేశాను. అతను కోపగించుకోలేదు. "ఈ తూటా ధరలో పదకొండు శాతం ఎక్కడికి పోతుందో తెలుసుకుని మళ్ళీ అడుగు" అన్నాడు.

తెలుసుకున్నాను. పందొమ్మిదో శతాబ్దంలో ఈ దేశం చేసిన విధ్వంసం సామాన్యమైంది కాదు. కోట్ల సంఖ్యలో వుండిన బైసన్ మందలు 1880ల చివరికి వెయ్యికి అటూ ఇటూ మిగిలాయి. తోళ్ళ వ్యాపారం కొంత, రైళ్ళు కొంత, వాటిమీద బతికే ఆదివాసీ తెగల్ని ఆకలితో లొంగదీయాలన్న దుర్బుద్ధి కొంత. ఎల్క్‌లూ 1900 నాటికి లక్షకి లోపే. 1887లో థియొడోర్ రూజ్‌వెల్ట్ మరికొందరు వేటగాళ్ళతో కలిసి బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ పెట్టాడు. 1900లో వచ్చిన లేసీ చట్టం దొంగవేట సరుకు రాష్ట్రాలు దాటడాన్ని ఆపింది. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం వచ్చింది. తుపాకులు, తూటాల మీద అప్పటికే వున్న పన్నుని కేంద్ర ఖజానాలో కలపకుండా వన్యప్రాణుల కోసం రాష్ట్రాలకి పంచాలన్నదే ఆ చట్టం. రాష్ట్రం ఒక డాలరు పెడితే కేంద్రం మూడు ఇస్తుంది. రాష్ట్రం పుచ్చుకున్న వేట లైసెన్సు రుసుముని రోడ్లకో, జీతభత్యాలకో మళ్ళిస్తే ఈ మూడూ రావు. నన్నడిగితే చట్టం బలమంతా ఆ షరతులోనే వుంది. అది లేకపోతే ఆ డబ్బు ఏమయ్యేదో మనకి ఎవరూ చెప్పనక్కరలేదు!

ఆ డబ్బుతో చేసే పనుల్లో ముఖ్యమైనది పచ్చిక కొనడం. ఎల్క్ వేసవిలో ఎత్తయిన కొండలమీద మేస్తుంది. అక్కడ మేతకి కొదవ లేదు. చలికాలం నిలువెత్తు మంచు పడగానే మందలు కిందికి, గాలికి మంచు ఎగిరిపోయే వాలుల్లోకి దిగుతాయి. అక్కడ దొరికే ఎండుగడ్డి మీదే ఆ మంద వచ్చే ఏడాదికి ఎంత మిగిలేదీ తేలుతుంది. చిక్కేమిటంటే ఆ వాలులే మనిషికీ కావాలి, పశువుల దొడ్లకి, ఊళ్ళకి, రోడ్లకి. 1872లో ఎల్లోస్టోన్ పార్కుకి గీసిన హద్దుల్లో వేడినీటి బుగ్గలు పడ్డాయి గాని ఈ చలికాలపు బీళ్ళు చాలావరకు బయటే వుండిపోయాయి. మాంటానాలో సన్ నది ఒడ్డున 1940ల చివర్లో వేటశాఖ ఒక పెద్ద బీడు కొన్నది కేవలం ఎల్క్‌ల శీతాకాలపు మేత కోసం. మే 15 మధ్యాహ్నం దాకా అందులోకి మనిషిని రానివ్వరు. గేటు తీసేసరికి రాలిన కొమ్ములు ఏరుకునేవాళ్ళు బారులు తీరి వుంటారు. ఈనాడు ఉత్తర అమెరికాలో ఎల్క్‌లు సుమారు పది లక్షలు.

ఇదంతా చదివి నేను వేటగాళ్ళ భజనపరుణ్ణి అయిపోయానని అనుకోకండి. ఈ ఏర్పాటులో లొసుగులున్నాయి. డబ్బు తెచ్చే జంతువుకే ముందు శ్రద్ధ దక్కుతుంది. కప్పకీ సీతాకోకచిలకకీ పన్ను కట్టేవాడు లేడు. సీసపు తూటా ముక్కలున్న కళేబరాలు తిని కాండర్ రాబందులు చచ్చిపోతుంటే, కాలిఫోర్నియా 2019 జులై నుంచి వేటలో సీసాన్ని పూర్తిగా నిషేధించవలసి వచ్చింది. పైగా వేటగాళ్ళ సంఖ్య తగ్గుతోంది. 2016 సర్వేలో వాళ్ళు కోటీ పదిహేను లక్షలు మాత్రమే. అయినా పన్ను తగ్గలేదు, ఈమధ్య ఏటా వంద కోట్ల డాలర్ల దాకా వచ్చింది. ఎందుకంటే వేట మొహమే చూడనివాళ్ళు, ఇరుగుపొరుగుకి భయపడి తుపాకులు కొంటున్నారు. ఆ భయం ఎల్క్‌కి గడ్డి అవుతోంది. దీన్ని చూసి సంతోషించాలో, ఏడవాలో నాకీనాటికీ తెలియదు.

"మీ దేశంలో ఎలా?" అని నా మిత్రుడడిగాడు. 1972 చట్టం వచ్చాక మాకు వేట నేరం, అడవి ఖర్చు ప్రభుత్వానిది అన్నాను. మన జనాభాకీ, మన అడవులకీ అదే సరైన పని అని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటాను. కాని "అందులో నీ జేబునుంచి వెళ్ళేది ఎంత?" అన్న రెండో ప్రశ్నకి తడుముకోవలసి వచ్చింది.

ఆ జూన్‌లో నన్ను కూడా వెంటబెట్టుకుని పాత ముళ్ళకంచెలు పీకడానికి తీసుకెళ్ళాడు. ప్రాంగ్‌హార్న్ అని అక్కడ మరో జంతువుంది. గుర్రంకన్నా వేగంగా పరుగెత్తుతుంది గాని కంచె దూకదు, కింద దూరుతుంది. అడుగు తీగ ముళ్ళు లేకుండా, నేలకి పదహారు అంగుళాలైనా ఎత్తులో వుంటేనే దానికి దారి. పక్కనున్న వయోమింగ్ రాష్ట్రంలో 2012లో వీటికోసం ట్రాపర్స్ పాయింట్ దగ్గర హైవే మీదుగా మట్టి పరచిన వంతెనలే కట్టారు. మాకు దొరికింది చిన్నపని. నేను తీగ చుట్టాను, అతను మేకులు పీకాడు. సాయంత్రానికి ఆరు చుట్టలు ట్రక్కులో పడేశాం. నా చేతితొడుగులు రెండూ చిరిగిపోయాయి.